తెర మీద బాగున్న నలుపు తెలుపు ఫోటో కాగితం మీద ఎందుకు ముద్దగా వస్తోంది?

మానిటర్ వెలుగు తగ్గించి చూసినా ప్రింట్లలో నీడలు ముద్దకడుతున్నాయని ఒకరు రాశారు. నాకూ ఇదే జరిగింది. నల్లకోటులో ఉన్న మా తాతగారి పాత ఫోటోను మ్యాట్ (మెరుపులేని) కాగితం మీద తీస్తే కోటు గుండీలు నాలుగూ మాయమయ్యాయి. ఫోటోనే సవరిస్తూ ఒక పెట్టె కాగితం తగలేశాక గానీ తెలియలేదు, దారిలో పెట్టాల్సింది ప్రింటర్‌నని.

ముందు మ్యాట్ కాగితానికి దానికోసమే ఉన్న మ్యాట్ బ్లాక్ ఇంకును వాడుతున్నారో లేదో చూసుకోండి. మెరిసే కాగితాలకు వాడే ఫోటో బ్లాక్ అయితే నలుపు బూడిదరంగు దగ్గరే ఆగిపోతుంది. దాన్ని ఏ కర్వూ (ఫోటో సాఫ్ట్‌వేర్‌లో నలుపు తెలుపుల మోతాదు మార్చే గీత) బాగుచేయలేదు.

తర్వాత నలుపు 0 శాతం (తెల్ల కాగితం) నుంచి 100 శాతం (పూర్తి నలుపు) దాకా అయిదేసి తేడాతో 21 గడుల పట్టీని, ఫోటోలకు వాడే సెట్టింగులతోనే ప్రింట్ చేసి ఒక రోజు ఆరనివ్వండి. నేను గంటకే కొలిచి, మర్నాడు అంకెలు మారేసరికి పని మళ్లీ మొదలుపెట్టాను.

కొలవడానికి స్నేహితుడి స్పెక్ట్రోఫోటోమీటర్ (రంగును కొలిచే పరికరం) తెచ్చుకున్నాను. అది చూపే ఎల్ స్టార్ అనే వెలుగు కొలతలో 0 కటిక నలుపు, 100 తెలుపు. నా కాగితం తెలుపు 96, నలుపు 16. అంటే 50 శాతం గడి నడిమధ్యన 56 చూపాలి. 44 చూపింది! కాగితంలో ఇంకు చుక్కలు పాకి లావెక్కితే ఇలాగే అవుతుంది. మరి 56 ఎక్కడుంది? 35 గడిలో 60, 40 గడిలో 54 ఉన్నాయి కాబట్టి దాదాపు 38 దగ్గర. కర్వ్‌లో 50ని 38కి దించాను. 10, 25, 75, 90లకూ ఇదే లెక్క. నలుపు తెలుపు ప్రింట్ల కోసం ఉన్న క్వాడ్‌టోన్‌రిప్ సాఫ్ట్‌వేర్ వాడేవారైతే 21 కొలతలూ ఇస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది.

చేత్తో చేసేటప్పుడు మాత్రం 21 చోట్లా బిందువులు పెట్టకండి. నేను పెడితే కొలతల్లోని చిన్న తప్పులన్నీ గతుకులై ఆకాశంలో చారలు తేలాయి. అయిదారు చాలు. ఫైలు 16 బిట్‌లో (ఎక్కువ ఛాయలు పట్టే రకం) ఉంచండి. కర్వ్ వేసిన పట్టీని మళ్లీ తీసి కొలవండి. కాగితం మారిస్తే కథ మళ్లీ మొదటికి.

పరికరం దొరకకపోతే ఆటో సవరణలన్నీ ఆపేసి పట్టీని స్కాన్ చేయండి. అంకెలు కచ్చితంగా రావు కానీ, ఏ గడులు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయో తెలుస్తుంది. నా మొదటి పట్టీలో 85 తర్వాత అంతా ఒకటే నలుపు.

ఇప్పుడు తాతగారి కోటుకు మూడు గుండీలు ఉన్నాయి. నాలుగోది మోచేతి నీడలో ఉంది. దాని కోసం ఇంతకంటే చిక్కటి నలుపు పలికే గ్లాసీ కాగితం కొనాలి.