యాసని తిప్పి అంటుంటే దాన్ని ఏమనాలి? వేళాకోళమా, వెటకారమా, ఎగతాళా?

శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ ఆఫీసుకి వెళ్లాక మీరు ‘ఏటి’, ‘వస్తన్నాను’ అన్నప్పుడల్లా పక్కసీటువాళ్లు అదే యాసలో తిప్పి అని నవ్వుతున్నారని రాశారు. దాన్ని వెక్కిరించడం అంటారు. మాటనో నడకనో అనుకరించి మనిషిని చిన్నబుచ్చడానికి తెలుగులో సరిపోయే మాట అదే.

వెటకారంలో అనుకరణ ఉండక్కర్లేదు. పైకి అనేదొకటి, లోపల ఉద్దేశం మరొకటి. పదకొండింటికి వచ్చినవాణ్ణి “అబ్బో, పెందలాడే వచ్చేశారే!” అంటే వెటకారం. మన వైపు నోట్లో అది ‘ఎటకారం’: “ఏటి, ఎటకారమాడతన్నావా?” ఎప్పటి తప్పునో ఎత్తి పొడిస్తే అది దెప్పడం. ‘ఎద్దేవా’ పేపర్లోనే ఎక్కువ, ఇంట్లో ఎవరూ అనరు. ఎగతాళి వీటిలో చాలావాటిని కలుపుకుంటుంది: ఒకరిని నలుగురిలో నవ్వులపాలు చేయడం.

తేడా పట్టుకోవడానికి విభక్తి చూడండి. ‘నాతో పరాచికాలాడాడు’, ‘నాతో వేళాకోళమాడాడు’ అంటాం. కానీ ‘నన్ను ఎగతాళి చేశాడు’, ‘నన్ను హేళన చేశాడు’, ‘నన్ను వెక్కిరించాడు’. ‘తో’ ఉన్నచోట ఇద్దరూ ఆటలో ఉన్నారు, ‘నన్ను’ ఉన్నచోట ఒకరే ఆడుతున్నారు, రెండోవాళ్లు పడుతున్నారు. ఇది అన్నిచోట్లా నిలవదు: ‘నాతో ఎకసెక్కాలాడకు’ అనేది కోపంలోనే. వేళాకోళం కూడా వద్దన్నాక ఆపకపోతే ఎగతాళే.

‘ఏటి’ తప్పు కాదు. ఏమిటి, ఏంటి, ఏటి మూడూ ఒకే మాటకి వాడుక రూపాలు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలోనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. అలాంటి గడ్డ యాసకి ఎవరి దగ్గరా సిగ్గుపడక్కర్లేదు.

పైవాళ్లకి ఫిర్యాదు రాయాల్సి వస్తే ‘వెటకారంగా మాట్లాడారు’ అని వదిలేయకండి. వెటకారం గొంతులో ఉంటుంది, కాగితం మీద కనబడదు. “సరదాకి అన్నాం” అని తప్పించుకుంటారు. ఏ తేదీన, ఎవరి ముందు, ఏ మాట అన్నారో ఉన్నదున్నట్టు రాసి, ‘నా యాసని అనుకరించి హేళన చేశారు, ఆపమన్నా ఆపలేదు’ అని చేర్చండి. చివరి ముక్క నిజం కావాలంటే ముందు ఒకసారి ముఖం మీదే, నవ్వకుండా చెప్పాలి: “నా మాటని వెక్కిరించకండి, నాకు నచ్చట్లేదు.” నవ్వుతూ చెప్తే వాళ్లు దాన్నీ పరాచికాల్లోనే కలిపేస్తారు.