ఒక్కరోజు తప్పితే వారమంతా ఎందుకు పోతోంది?

ప్రశ్న: ఉండేది బరంపురంలో. రోజూ గంట నడక, రాత్రి రెండు చపాతీలే అని పెట్టుకున్నాను. ఒక్క పెళ్లి భోజనంతో లెక్క తప్పితే వారమంతా మానేస్తున్నాను. ఏం చేయాలి?

లెక్క రోజుకు కాదు, వారానికి పెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి శ్రమ. ఒక్కో విడత కనీసం 10 నిమిషాలుండాలన్న పాత షరతును 2020లో తీసేశారు కూడా. అంటే వాన పట్టిన రోజు వరండాలో 8 నిమిషాలు చకచకా తిరిగినా జమే. గంట కుదరని రోజుకు ఇదే మీ కనీసం అని ముందే రాసిపెట్టుకోండి. అప్పటికప్పుడు ఆలోచిస్తే బద్ధకమే గెలుస్తుంది.

పెళ్లిలో తిన్నది ఒక్క పూటే. అసలు నష్టం 'ఎలాగూ పోయింది కదా' అని మర్నాడు కూడా తినడంలో ఉంది. కొందరు శిక్షగా పస్తుంటారు, అదింకా తప్పు: సాయంత్రానికి ఆకలి నకనకలాడి బజ్జీల బండి దగ్గర తేలతారు. (కొన్ని షుగరు మందులు వాడేవాళ్లకు పూట మానడం ప్రమాదం కూడా.) మర్నాడు ఎప్పటిలాగే తినండి: గిన్నెడు పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం), పక్కన తోటకూర వేపుడు.

2010లో అచ్చైన లండన్ అధ్యయనంలో అలవాటు కుదురుకోవడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. క్యాలెండర్లో ఆ గడిలో ఎర్ర ఇంటూ కొట్టకండి, ఖాళీగా వదిలేయండి.