చేదు నవలలు చదివించే నా శిష్యురాలికి

బిడ్డా,

నీ ఉత్తరం చదివాను. మహబూబ్‌నగర్‌లో నువ్వు మొదలుపెట్టిన బుక్ క్లబ్‌లో మొదటి నవలకే, తల్లీకూతుళ్ల మధ్య చేదు చెప్పే కథకే, ఇంత గొడవ అవుతుందనుకోలేదని రాశావు. ఒకామె "కన్నతల్లి అట్లుంటదా, గిదేం రాత" అని లేచి వెళ్లిపోయిందట. ఒక పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుందట. మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారట. ఇక ఇట్లాంటివి మానేసి ఏదైనా ప్రేమకథ పెట్టుకుందామా అని అడిగావు. వద్దు. ఆ పుస్తకమే కొనసాగించు.

నల్లగొండలో ఇన్నేళ్లుగా ఆడవాళ్లతో నవలలు చదివిస్తున్నాను కాబట్టి చెబుతున్నా. తల్లీకూతుళ్ల మధ్య చేదు గురించి రాసిన నవల చదివి ఎవరూ మామూలుగా ఉండరు. కోపం వస్తుంది, ఏడుపొస్తుంది, కొందరికి నోరు పెగలదు. వాటిని ఆపాలని చూడకు. ఆ కోపాన్ని పుస్తకం మీదే ఉండనివ్వు. చదివిన మనిషి ఇంట్లోకి నువ్వు దాన్ని లాక్కుపోవద్దు. "మీ అమ్మ కూడా ఇట్లనే చేసేదా?" అన్న ప్రశ్న మీ కూటంలో ఎవరి నోటా రాకూడదు, నీ నోట అసలే రాకూడదు.

ఎందుకో చెబుతాను. "తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను" అంటారు కదా మన దగ్గర. ఆ మాట ఉన్న ఊళ్లో తల్లి గురించి చెడు చెప్పిన ఆడపిల్ల తన సంబంధానికే ఎసరు పెట్టుకున్నట్టు. పెళ్లయినాక చెబితే అత్తగారింట్లో అదే మాట తిరిగి తిరిగి దెప్పుడవుతుంది. బతుకమ్మకు అందరూ తల్లిగారింటికి పోతుంటే, పోబుద్ధి కాని బిడ్డ ఏదో ఒక సాకు చెబుతుందే తప్ప కారణం చెప్పదు. అట్లాంటి మనిషికి నవలలోని తల్లి ఒక చాటు. ఆ చాటున నిలబడి, తన తల్లి పేరెత్తకుండా, తన మాట తాను అనుకోగలదు. నువ్వు సూటిగా అడిగితే ఆ చాటు పోతుంది, ఆమె మళ్లీ రాదు.

మా దగ్గర ఒకామె ఉండేది. పుస్తకానికి పేపర్ అట్ట వేసుకుని తెచ్చేది, ఇంట్లో పేరు కనిపించకుండా. చాలా కాలం ఒక్క మాటా మాట్లాడలేదు. పుస్తకంలో ఒకే పేజీ మూల మడిచి విప్పి, మడిచి విప్పి, ఆ మూల ఊడిపోవడానికి వచ్చింది. ఒక రోజు అందరూ లేస్తుంటే అడిగింది, "టీచర్, ఆ తల్లి జడ వేసేటప్పుడు బిడ్డ జుట్టు అంత గట్టిగ ఎందుకు గుంజుతది?" అని. నేను మళ్లీ అందరినీ కూర్చోబెట్టి ఆ పేజీ చదివించాను. ఆ తల్లికి అంతకుముందు పేజీలో ఏమైందో చూశాం, బిడ్డ ఏమీ అనకుండా ఎందుకు కూర్చుందో మాట్లాడుకున్నాం. ఆమె సంగతి ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఆమె ప్రతి సమావేశంలోనూ మాట్లాడింది.

ఇప్పుడు నువ్వు పెట్టిన పుస్తకం సంగతి. అవనీ దోషి నవల. 2019లో మన దేశంలో "గర్ల్ ఇన్ వైట్ కాటన్" పేరుతో వచ్చింది, బయట "బర్న్‌ట్ షుగర్" అన్నారు, 2020లో బుకర్ బహుమతి షార్ట్‌లిస్ట్ దాకా వెళ్లింది. పుణెలో తార అనే తల్లి భర్తను వదిలి, చిన్న బిడ్డను వెంటబెట్టుకుని ఆశ్రమంలో చేరుతుంది, అక్కడ ఆ బిడ్డను పట్టించుకోకుండా వదిలేస్తుంది. ఏళ్లు గడిచాక ఆ తల్లికి జ్ఞాపకాలు పోతుంటాయి, చూసుకోవాల్సింది అదే బిడ్డ అంతర. నీ వాళ్లు రెండు వర్గాలై తల్లిదే తప్పు, కూతురిదే తప్పు అని వాదించుకున్నారని రాశావు. ఆ తీర్పు నీకెందుకు? "ఈ కథ ఎవరు చెబుతున్నారు?" అని అడుగు. అంతా కూతురే చెబుతోంది. జరిగిందేమిటో తెలిసిన తల్లికేమో గుర్తు లేదు. కూతురి మాట ఎక్కడెక్కడ నమ్మబుద్ధి కాలేదో పెన్సిల్‌తో గీత గీసి తెమ్మను. వాదన అరుపుల నుంచి పేజీల మీదికి దిగుతుంది.

ఒక జాగ్రత్త. పుణె అంటే పాలమూరు వాళ్లకు మామూలు ఊరు కాదు. ముంబైకి, పుణెకు కూలికి వలసపోయిన తల్లుల పిల్లలు, అమ్మమ్మల దగ్గర, నాయనమ్మల దగ్గర పెరిగినవాళ్లు నీ క్లబ్‌లో తప్పకుండా ఉంటారు. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు నుంచి వచ్చిన పిల్లలుంటే ఇంకా. బిడ్డను వదిలిన తల్లి అనగానే వాళ్లకు తగిలే చోటు వేరు. "మీ అమ్మ ఆకలికి పోయింది, ఈమె సుఖానికి పోయింది" అని ఎవరో ఓదార్చబోతారు. ఆపెయ్. ఎదురుచూసిన పిల్లకు తల్లి ఎందుకు పోయిందన్నదానితో పనిలేదు, రాలేదన్నదొక్కటే తెలుసు.

తర్వాత అమెరికా రచయిత్రి టోనీ మోరిసన్ నవల "బిలవెడ్" పెట్టాలనుకుంటున్నావు. పెట్టు, కానీ చరిత్ర ముందు చెప్పు. 1856లో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ అమెరికాలోని కెంటకీ నుంచి పారిపోయి, బానిసత్వం లేని ఒహాయో రాష్ట్రం చేరింది. పట్టుకోవడానికి వచ్చినప్పుడు, బిడ్డ మళ్లీ బానిస కాకూడదని తన చేత్తోనే చంపుకుంది. పారిపోయినవాళ్లను పట్టి యజమానికి అప్పగించాలన్న చట్టం 1850లో చేశారు. మోరిసన్ నవలకు మూలం ఆ సంఘటనే. ఇది తెలియకుండా చదివితే "ఏ తల్లి చేస్తది ఇట్ల" దగ్గరే అందరూ ఆగిపోతారు. తెలిసి చదివితే ఆ తల్లిని అక్కడిదాకా నెట్టిందెవరన్న ప్రశ్న వస్తుంది. 1990ల చివర మా దేవరకొండ వైపు తండాల నుంచి ఆడశిశువులను దత్తత పేరుతో అమ్మేస్తున్నారని పేపర్లన్నీ రాసినప్పుడు కూడా తిట్లన్నీ తల్లులకే పడ్డాయి. కరువు గురించి, కట్నం గురించి, మధ్యలో డబ్బు తిన్నవాళ్ల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. నాకు ఇప్పటికీ దాని మీద కోపమే.

"తల్లిని ఇట్ల రాయొచ్చా" అన్న పెద్దావిడలకు అలంపురం గుర్తుచెయ్యి. జోగులాంబ జటల్లో తేలు, కప్ప, బల్లి ఉంటాయి. ఆ తల్లికి దండం పెట్టుకుని వస్తాం. ఉగ్రంగా ఉన్న అమ్మను చూడలేని జాతి కాదు మనది.

నీ క్లబ్‌లో తల్లులు కూడా ఉన్నారు, వాళ్లను మరిచిపోకు. కూతుళ్లు కోపంతో చదివే పేజీనే వాళ్లు భయంతో చదువుతారు, "నేను గూడ గిట్లనే చేసిన్నా" అని. పసిబిడ్డ ఉన్న తల్లి వస్తే మరీ కనిపెట్టుకుని ఉండు. మన దేశంలో జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే కాన్పు తర్వాత డిప్రెషన్ ప్రతి ఐదుగురిలో ఒకరికి వస్తోందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. అది జబ్బని, మందుందని మాటల మధ్యలో చెప్పు. తల్లీకూతుళ్లు జంటగా వస్తామంటే మాత్రం ఈ నవలలకు వేర్వేరు రోజుల్లో రమ్మను. ఒకరి ముందు ఒకరు నోరు విప్పరు.

పుస్తకంలో ఏముందో ముందే చెప్పు: కొట్టడం, ఒళ్లు తాకడం, చావు. మధ్యలో మానేస్తామంటే మానేయనివ్వు, కారణం అడగకు. అక్కడ మాట్లాడింది వాట్సాప్ గ్రూపుల్లోకి పోవద్దని మొదటి రోజే గట్టిగా చెప్పు. ఎవరైనా తమంతట తాము ఇంటి సంగతి బయటపెడితే విను, నువ్వు డాక్టర్‌వి కావద్దు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళనైనా ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల ఇప్పటికీ దెబ్బలు తింటోందని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాల్సిందే. అక్కడ మొహమాటం లేదు.

లేచిపోయిన ఆమెకు ఈ వారమే ఫోన్ చెయ్యి. సారీ చెప్పకు, బతిమాలకు. ఏ పేజీ దగ్గర కోపమొచ్చిందో అడిగి, వచ్చేసారి ఆ పేజీతోనే మొదలుపెడతానని చెప్పు. వస్తే ఆ పేజీ ఆమెతోనే చదివించు.

ఇట్లు,
మీ టీచర్,
నల్లగొండ