డాక్టర్ సలహా: కోవిడ్ తర్వాత వచ్చిన పేనుకొరుకుడు మళ్ళీ తిరగబెట్టింది, టెన్షన్ వల్లేనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. వయసు 27. 2021 సెకండ్ వేవ్‌లో ఇంట్లో అందరికీ కోవిడ్ వచ్చింది, నాన్నగారు బరంపురం ఆస్పత్రిలో పోయారు. మూడు నెలలకి దువ్వెన నిండా జుట్టు రాలింది, అది తగ్గాక తల వెనక రూపాయి బిళ్ళంత పేనుకొరుకుడు వచ్చి మానిపోయింది. ఇప్పుడు సంబంధాలు చూస్తున్న టైంలో మళ్ళీ రెండు చోట్ల వచ్చింది. అమ్మమ్మ గురివింద గింజ అరగదీసి రాస్తోంది. అందరూ నీ టెన్షన్ వల్లే అంటున్నారు. మొత్తం ఊడిపోతుందా?

జవాబు: అమ్మా, ముందు ఆ గురివింద గింజ ఈ రోజే ఆపించండి. అందులో ఉండేది మామూలు విషం కాదు, రాసిన చోట చర్మం పొక్కుతుంది, పుండు పడి మచ్చ కట్టిందంటే కింద కుదురు కూడా పోతుంది, అప్పుడు ఏ మందుకీ వెంట్రుక రాదు. అమ్మమ్మగారి మీద కోపం పెట్టుకోకండి, మన వైపు పాతపట్నంలో అడిగినా గుణుపురంలో అడిగినా పెద్దవాళ్ళు ఇదే చెప్తారు, జుట్టు దానంతట అది వచ్చినా పేరు గింజకి వెళ్ళిపోతుంది.

పేరులో పేను ఉంది గానీ పేనుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. దీన్ని అలోపేషియా ఏరియేటా అంటాం. ఒంటికి కాపలా కాయాల్సిన తెల్ల రక్తకణాలే వెంట్రుక కుదురుని పరాయిది అనుకుని మీద పడతాయి, చర్మం ముక్క తీసి మైక్రోస్కోప్‌లో పెడితే కుదురు చుట్టూ తేనెటీగలు ముసిరినట్టు కనిపిస్తాయి. కానీ కుదురు చచ్చిపోదు, నిద్రపోతుంది. అందుకే మీకు మొదటిసారి మళ్ళీ వచ్చింది, ఈసారీ రావడానికే అవకాశం ఎక్కువ. ఇలా జుట్టు ఊడిన మచ్చలు ఒకటి రెండు ఉన్నవాళ్ళలో చాలామందికి ఏడాది లోపే వచ్చేస్తుంది, తల మొత్తం ఊడేది కొద్దిమందికే. తిరగబెట్టే గుణం మాత్రం దీనికి ఉంది, అది దాచను.

ఇక కోవిడ్ సంగతి. మీకు మూడు నెలలకి దువ్వెన నిండా రాలింది వేరే జబ్బు, గట్టి జ్వరం వచ్చినా, పెద్ద దుఃఖం తగిలినా వెంట్రుకలు ఒకేసారి రెస్ట్‌లోకి వెళ్ళి రెండు మూడు నెలలకి రాలతాయి, టైఫాయిడ్ తర్వాత కూడా ఇంతే, అది దానంతట అదే సర్దుకుంటుంది. పేనుకొరుకుడు విషయంలో అంత గట్టిగా చెప్పలేం. వైరస్ వచ్చినప్పుడు ఒంట్లో దాంతో పోరాడే ఇంటర్‌ఫెరాన్ అనే రసాయనం పెరుగుతుంది, కుదురు మీద దాడిని రెచ్చగొట్టేదీ అదే, కాబట్టి ఆ గుణం ముందే ఉన్నవాళ్ళకి వైరస్ నిప్పు రాజేసి ఉండొచ్చు. కొరియాలో చేసిన ఒక పెద్ద స్టడీలో కోవిడ్ వచ్చినవాళ్ళలో ఇది ఎక్కువ కనిపించింది, ఇంకొన్ని స్టడీల్లో తేడా తేలలేదు. ఒక విశేషం చెప్తాను, బారిసిటినిబ్ అనే మాత్రని అమెరికాలో 2022 మేలో ఆస్పత్రిలో ఉన్న కోవిడ్ పేషెంట్లకి, సరిగ్గా మరుసటి నెల తీవ్రమైన పేనుకొరుకుడికి వాడొచ్చని ఒప్పుకున్నారు. రెండు జబ్బులూ ఒంట్లో కొంతవరకు ఒకే దారి వాడుకుంటాయేమో అనిపిస్తుంది, అంతమాత్రాన ఒకటి ఇంకోదాన్ని తెస్తుందని రుజువు కాదు.

టెన్షన్ కూడా అలాంటిదే, ఉన్న గుణాన్ని లేపొచ్చు, అదొక్కటే కారణం అనకూడదు. లాక్‌డౌన్‌లో ఆంధ్రా-ఒడిశా బోర్డర్ మూసేసినప్పుడు వాట్సాప్‌లో నాకొచ్చిన మచ్చల ఫోటోల్లో పసిపిల్లలవీ ఉన్నాయి, వాళ్ళకేం టెన్షన్? నాన్న పోయిన పిల్లని పట్టుకుని నీ తప్పే అన్నట్టు మాట్లాడటం నాకు బాధగా ఉంది. మీరు ఏ తప్పూ చేయలేదు. నిద్ర పట్టకపోతే, ఏడుపు ఆగకపోతే దానికీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, జుట్టు కోసం కాదు, మీ కోసం.

శ్రీకాకుళం గానీ బరంపురం గానీ వెళ్ళి స్కిన్ డాక్టర్‌కి చూపించండి. మచ్చ నున్నగా ఉందా, అంచులో కింద సన్నగా పైన లావుగా విరిగిన పొట్టి వెంట్రుకలు ఉన్నాయా, గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు గుంటలు ఉన్నాయా చూస్తారు, పొట్టు రాలుతూ దురద ఉంటే తామర ఏమో అని టెస్ట్ చేస్తారు. థైరాయిడ్ కూడా చూపించుకోండి, రెండూ కలిసి రావడం మామూలే. మీలాంటి చిన్న మచ్చలకి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మచ్చలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది, పైన చెప్పిన మాత్రలు మీకు అక్కర్లేదు, అవి టీబీ టెస్ట్ చేయకుండా ఇవ్వకూడదు కూడా. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ తెచ్చి నెలల తరబడి రాయొద్దు, చర్మం పలచబడిపోతుంది.

సంబంధం వాళ్ళు అడిగితే ఇది అంటుకునేది కాదని చెప్పండి, దువ్వెన వల్ల గానీ తలగడ వల్ల గానీ రాదు. కొత్త వెంట్రుక ముందు తెల్లగా రావొచ్చు, భయపడి పీకకండి, చాలామందికి తర్వాత నల్లబడుతుంది. నెలకోసారి మచ్చ పక్కన రూపాయి బిళ్ళ పెట్టి అమ్మ చేత ఫోటో తీయించుకోండి, తగ్గుతోందో పెరుగుతోందో మీ డాక్టర్‌కి ఒక్క చూపులో తెలుస్తుంది.