బిజినెస్ వదిలి ఎత్నిక్ స్టడీస్ అంటోంది మా అమ్మాయి, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు. చాలా ఏళ్లుగా కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో బిజినెస్ చదువుతోంది, తర్వాత శాన్ హోసే స్టేట్‌కు ట్రాన్స్‌ఫర్ అవ్వాలని ప్లాన్. తప్పనిసరి అంటే ఎత్నిక్ స్టడీస్ (అమెరికాలోని నల్లజాతి, ఆసియా, లాటినో, నేటివ్ అమెరికన్ ప్రజల చరిత్ర, అనుభవాల చదువు) కోర్సు ఒకటి తీసుకుంది. ఇప్పుడు ఏకంగా మేజరే, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టే, మార్చుకుంటానంటోంది. "దాంతో ఏం ఉద్యోగం వస్తుంది? తెల్లవాళ్లను తిట్టడం నేర్పే చదువు అది" అని మావారు. "మీకేం తెలీదు" అని అది. ఇంట్లో రోజూ టెన్షనే. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో లేని విషయం ఒకటి ముందు అడగాలి. మీ అమ్మాయి ఇమిగ్రేషన్ స్టేటస్ ఏమిటి? సిటిజన్ అయినా, గ్రీన్ కార్డు ఉన్నా ఈ పేరా వదిలేయండి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే మాత్రం 21 ఏళ్లు నిండేసరికి ఆ స్టేటస్ పోతుంది. చాలామంది పిల్లలు అప్పుడు విద్యార్థి వీసా ఎఫ్-1కి మారతారు. ఎఫ్-1 వాళ్లకు డిగ్రీ తర్వాత పని చేసుకోవడానికిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలోని డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు కలుస్తాయి. ఎత్నిక్ స్టడీస్ ఆ జాబితాలో లేదు. కానీ మీవారికి ఇది కూడా చెప్పండి: మామూలు బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ కూడా అందులో లేదు. బిజినెస్ అనలిటిక్స్, స్టాటిస్టిక్స్ లాంటివి ఉన్నాయి. వీసా భయమే అసలు కారణమైతే మీ ఇంట్లో గొడవ వేరే సబ్జెక్టుల మధ్య జరగాలి.

ఇక చదువు సంగతి. అమ్మాయి ఆ కోర్సు ఎందుకు తీసుకోవాల్సి వచ్చిందో తెలిస్తే మీవారి అనుమానం కొంత తగ్గుతుంది. 1968 నవంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్‌లో నల్లజాతి విద్యార్థులు, వాళ్లతో పాటు ఆసియా, లాటినో, నేటివ్ అమెరికన్ విద్యార్థులు కలిసి సమ్మెకు దిగారు. మా చరిత్ర మీ సిలబస్‌లో ఎక్కడుంది అన్నది వాళ్ల ప్రశ్న. నాలుగు నెలలు దాటి సాగిన ఆ సమ్మె ఫలితంగా 1969లో దేశంలోనే మొదటి ఎత్నిక్ స్టడీస్ కాలేజీ అక్కడ పుట్టింది. అదే ఏడాది బర్క్‌లీలో కూడా సమ్మె జరిగి డిపార్ట్‌మెంట్ వచ్చింది. 2020లో వచ్చిన చట్టంతో కాల్ స్టేట్ యూనివర్సిటీల్లో (శాన్ హోసే స్టేట్ కూడా వాటిలో ఒకటి) డిగ్రీ కావాలంటే ఈ సబ్జెక్టులో మూడు యూనిట్లు, అంటే ఒక కోర్సు, తప్పనిసరయ్యాయి. మీ అమ్మాయి చదివింది ఆ మూడు యూనిట్లే.

ఆ చట్టం రాసిన షర్లీ వెబర్ గురించి చెప్పాలి, ఎందుకంటే మీవారి మొదటి ప్రశ్నకు జవాబు అందులో కొంత ఉంది. ఆవిడ శాన్ డియేగో స్టేట్‌లో ఆఫ్రికానా స్టడీస్ ప్రొఫెసర్. దశాబ్దాలు పాఠాలు చెప్పి, స్కూల్ బోర్డులో పనిచేసి, అసెంబ్లీకి గెలిచి, 2021లో కాలిఫోర్నియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ (రాష్ట్రంలో ఎన్నికలు చూసుకునే పదవి) అయ్యారు. అందరికీ అలా జరుగుతుందని కాదు. ఈ చదువు చదివినవాళ్లు ఎక్కువగా వెళ్లే దారి మాత్రం అదే: బోధన, ప్రభుత్వం, ప్రజలతో పని.

మీ అమ్మాయికి ఆసక్తి ఎందుకు పుట్టి ఉంటుందో నేను ఊహించగలను. 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీం కోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పు చెప్పింది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ. అయినా భారతీయులు చట్టం చెప్పే 'తెల్లవాళ్లు' కారు, కాబట్టి వాళ్లు పౌరసత్వానికి అనర్హులని కోర్టు తేల్చింది. పౌరసత్వానికి అనర్హులైనవాళ్లు భూమి కొనకూడదని కాలిఫోర్నియాలో 1913 నుంచే చట్టం ఉంది. అంటే ఆ ఒక్క తీర్పుతో ఇక్కడి పంజాబీ రైతుల కాళ్ల కింద నేల కదిలిపోయింది. దాదాపు ఆ రోజుల్లోనే మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. 1946లో చట్టం మారేదాకా, అంటే ఆయన పరిశోధన జీవితంలో చాలా భాగం, పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునే హక్కే ఆయనకు లేదు. మారిన చట్టం కూడా భారతీయులకు ఏడాదికి వంద మంది కోటా ఇచ్చింది, అంతే. వలస వచ్చిన ఇంట్లో పెరిగిన పిల్ల ఇది చదివితే ఆగిపోయి ఆలోచించకుండా ఎలా ఉంటుంది?

తిట్టడం నేర్పుతారా అన్నదానికి సూటిగా చెబుతాను. కొన్ని క్లాసుల్లో టీచర్ల రాజకీయాలు గట్టిగానే వినిపిస్తాయి. కొన్నింటిలో కోర్టు తీర్పులు, సెన్సస్ లెక్కలు, నల్లవాళ్ల పేటలకు అప్పులివ్వడం ప్రమాదమని చూపిస్తూ 1930లలో ప్రభుత్వ సంస్థ గీసిన మ్యాపులు ముందు పెట్టుకుని చదివిస్తారు. సిలబస్ చూపించమని అమ్మాయినే అడగండి, కలిసి చదవండి. ఇంకో మాట కూడా ముందే చెబుతాను, తర్వాత నొచ్చుకోకండి. ఈ చదువు తెల్లవాళ్ల దగ్గర ఆగదు. 2022లో కాల్ స్టేట్ యూనివర్సిటీలు తమ వివక్ష వ్యతిరేక విధానంలో కులాన్ని కూడా చేర్చాయి. మన ఇళ్లలో భోజనాల దగ్గర నడిచే మాటలు కూడా అమ్మాయి క్లాసులో చర్చకు వస్తాయి. కొందరు తల్లిదండ్రులకు అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఉద్యోగాల విషయంలో అమ్మాయిని కూడా కొంచెం నేల మీదికి దించాలి. కంపెనీల్లో డీఈఐ (అన్ని వర్గాలవాళ్లకూ చోటు, సమాన అవకాశం ఉండేలా చూసే విభాగం) ఉద్యోగం వస్తుందన్న లెక్కతో ఈ మేజర్ తీసుకోవద్దు. 2025 జనవరిలో ఫెడరల్ ప్రభుత్వం తన ఆఫీసుల్లో ఆ విభాగాలు మూసేయమంది, చాలా కంపెనీలూ అదే దారి పట్టాయి. హైస్కూల్లో చెప్పాలంటే డిగ్రీ మీద టీచింగ్ క్రెడెన్షియల్ (టీచర్ లైసెన్సు) చేయాలి. సోషల్ వర్క్, పబ్లిక్ హెల్త్, సిటీ ప్లానింగ్‌లలో మంచి ఉద్యోగాలకు సాధారణంగా మాస్టర్స్ అడుగుతారు. లా స్కూల్‌కు ఫలానా మేజరే ఉండాలన్న నిబంధన లేదు. చాలా చదవడం, వాదన కట్టి రాయడం ఈ మేజర్‌లో బాగా అలవాటవుతాయి కాబట్టి లా వైపు వెళ్లేవాళ్లకు ఇది సరిపోతుంది. మెడిసిన్ వాళ్లకూ పూర్తిగా పనికిరానిది కాదు: 2015 నుంచి మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో సమాజం, అసమానతల మీద ప్రశ్నలున్న సెక్షన్ ఒకటి ఉంది. ఒట్టి బ్యాచిలర్స్‌తో ఆగిపోతే మాత్రం మొదటి ఉద్యోగం వెతుక్కోవడం కష్టంగానే ఉంటుంది. అందుకే పక్కన పనికొచ్చే నైపుణ్యం ఒకటి ఉండాలంటాను. స్టాటిస్టిక్స్ కోర్సులు రెండు మూడు తీసుకుంటే చాలా తేడా వస్తుంది. 1970 సెన్సస్‌లో భారతీయులను తెల్లవాళ్లలో కలిపి లెక్కపెట్టారు, 1980లో గానీ 'ఏషియన్ ఇండియన్' అన్న గడి రాలేదు. ఎవరిని ఏ గడిలో లెక్కించాలి, ఆ లెక్కను బట్టి ఆసుపత్రికో బడికో డబ్బు ఎలా వెళ్తుంది అన్న పని కౌంటీ ఆఫీసుల్లో, ఆరోగ్య శాఖల్లో నిజంగా ఉంది. దానికి చరిత్ర తెలిసి, లెక్కలు కూడా వచ్చినవాళ్లు కావాలి.

ఇప్పుడు చేయాల్సింది. ఒక్క కోర్సు బాగుందని మేజర్ మార్చేయడం తొందర. మీవారు దాన్ని నవ్వి కొట్టిపారేయడమూ తొందరే. వచ్చే సెమిస్టర్‌లో ఇదే సబ్జెక్టులో ఇంకో కోర్సు తీసుకోమనండి, వీలైతే రాతపని ఎక్కువ ఉన్నది. రెండోదాని తర్వాత కూడా ఇదే పట్టుదల ఉంటే అది మోజు కాదు. శాన్ హోసే స్టేట్‌లో బిజినెస్ సీట్లకు పోటీ ఎక్కువ. అక్కడ ఇప్పుడు వదులుకుని, ఎత్నిక్ స్టడీస్‌లో చేరి, తర్వాత మనసు మారి బిజినెస్‌లోకి వెనక్కి రావాలంటే కష్టం. బిజినెస్‌లో చేరి ఎత్నిక్ స్టడీస్‌ను మైనర్‌గా కలుపుకోవడం దానికన్నా చాలా తేలిక. కాబట్టి అప్లికేషన్ బిజినెస్‌కే పెట్టమనండి. ఫాల్ అడ్మిషన్ల అప్లికేషన్లు అంతకు ముందు ఏడాది అక్టోబర్ 1న తెరుచుకుంటాయి. ఈలోగా కాలేజీలో ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్ దగ్గరికి అమ్మాయి వెళ్లి, ఇప్పటిదాకా చేసిన యూనిట్లలో ఏవి ఏ మేజర్‌కు లెక్కలోకి వస్తాయో కాగితం మీద రాయించుకుని రావాలి. అపాయింట్‌మెంట్‌కు మీవారు వెంట వెళ్లకపోతేనే మంచిది. ఆ కాగితం వచ్చాక ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి.