పీకిన కొద్దీ పుట్టుకొస్తోందా?

ప్రశ్న: మా చెరువు నిండా గుర్రపుడెక్కే అండీ. ఏటా మనుషుల్ని పెట్టి తీయిస్తాం, రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ నీళ్లు కనపడవు. మందు కొడితే ఒక్కసారిగా పోతుందంటున్నారు, కొట్టించమంటారా? చేపలు కూడా ఉన్నాయి.

జవాబు: చేపలున్నాయంటున్నారు కాబట్టి ఆ మందు సంగతి పక్కన పెట్టేయండి. మందుకి డెక్క చస్తుంది నిజమే, కానీ అంతా ఒకేసారి చచ్చి నీళ్లలోనే కుళ్లుతుంది, ఆ కుళ్లుకి ఆక్సిజన్ అయిపోయి చేపలు చచ్చి తేలతాయి, పైగా కుళ్లిన సారమంతా అదే నీళ్లలో కలిసి తర్వాత మొలిచేదానికి ఎరువవుతుంది, అంటే డబ్బులిచ్చి మరీ దాన్ని మేపినట్టే.

అసలిది అమెజాన్ వైపు మొక్క, ఊదారంగు పువ్వు బాగుందని జనమే ప్రపంచమంతా తిప్పారు. తల్లి మొక్క పక్కలకి కాడలు చాచి పిల్లలు పెడుతుంది, వెచ్చటి నీళ్లు, తిండి దొరికితే రెండు వారాల్లో డబుల్ అవుతుంది, గట్టు వార గడ్డిలో నాలుగు పిల్లలు మిగిలినా చాలు. అది కాక విత్తనాలు అడుగు బురదలో 15 ఏళ్లకి పైనే బతికుంటాయి. అందుకే ఏడాదికోసారి తీయించడం దండగంటాను, ఒకసారి మొత్తం తీసేశాక వారం వారం చుట్టూ తిరిగి కనపడ్డ పిల్లనల్లా ఏరేయండి.

తీసింది గట్టు మీదే పడేస్తారు చూడండి, వానొస్తే అది మళ్లీ నీళ్లలోకే. దూరంగా ఎండలో పరవండి, అందులో 90 శాతం పైన నీళ్లే కాబట్టి ఎంత గుట్టయినా ఎండితే కొంచెమే, పూత రానిదైతే కంపోస్టుకి భేషుగ్గా పనికొస్తుంది. వాడకం నీళ్లో, పొలం ఎరువు నీళ్లో చెరువులోకి వస్తున్నాయేమో కూడా చూడండి, అది ఆపకపోతే డెక్క పోయి నాచు వస్తుంది. గుర్రపుడెక్కని తినే నియోకెటినా పురుగుల్ని పెద్ద పెద్ద జలాశయాల్లో వదులుతుంటారు, కానీ అవి పని చేయడానికి ఏళ్లు పడుతుంది, మీకు చేతులే నయం.

ప్రశ్న: పెరట్లో వయ్యారిభామ పీకితే ఒళ్లంతా దురదలు. కత్తితో కోసేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదండీ, నేలలో మిగిలిన మొదలు నుంచి మళ్లీ చిగురేస్తుంది. వాన పడి నేల మెత్తబడ్డాక, పువ్వు రాకముందే గ్లవ్స్, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మాస్కు వేసుకుని వేళ్లతో సహా లాగేయండి, ఎందుకంటే బాగా ఎదిగిన మొక్క ఒక్కటే 15 వేల విత్తనాల దాకా రాలుస్తుంది. ఉబ్బసం ఉంటే మీరసలు దాని జోలికెళ్లొద్దు, ఇంకొకరితో పీకించండి. తీసిన చోటు ఖాళీగా వదలకండి, తగిరిస లాంటి మొక్క గుబురుగా ఎదిగితే దీనికి చోటు దొరకదు.

ప్రశ్న: తొట్టిలో అంతరతామర వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోండి, కానీ ఇదీ గుర్రపుడెక్కలాగే నీళ్ల మీద తేలుతూ అల్లుకుపోయే మొక్కే, ఎక్కువైతే తీసి కాలవలో మాత్రం పడేయకండి, తొట్టి కడిగిన నీళ్లు కూడా మట్టిలోనే పోయండి.