ఆర్‌సీలో తెలుపు, రోడ్డు మీద ఆకుపచ్చ: టాప్ తెరిచే కారు కొనేముందు

ప్రశ్న: మాది నంద్యాల. ఎనిమిదేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం, మారతహళ్లిలో ఉంటున్నాను. టాప్ తెరిచే కారు కొనాలని కాలేజీ రోజుల నుంచి ఆశ. కోరమంగలలో ఒకతను 2012 బీఎండబ్ల్యూ జెడ్4 అమ్ముతున్నాడు. 21 లక్షలు చెప్పాడు. పుదుచ్చేరి నంబరు. ఆర్‌సీ ఇంకా మొదటి ఓనర్ పేరు మీదే ఉంది, ఆయన సంతకాలు పెట్టిన 29, 30 ఫారాలు (ఓనర్ పేరు మార్చే ఫారాలు) ఇస్తానంటున్నాడు. బండికి స్టేజ్ 2 ట్యూనింగ్ (ఇంజన్ శక్తి పెంచే మార్పులు) చేయించారు. సైలెన్సర్, స్టీరింగ్ మార్చారు, సస్పెన్షన్ కిందికి దించారు. అసలు తెల్ల కారు, ఇప్పుడు మ్యాట్ ఆకుపచ్చ ర్యాప్‌లో (పెయింట్ మీద అతికించే రంగు ఫిల్మ్) ఉంది. "బెంగళూరులో అందరూ ఇలాగే తిరుగుతున్నారు, పేపర్లన్నీ క్లియర్" అంటున్నాడు. టోకెన్‌గా లక్ష రూపాయలు యూపీఐలో పంపేశాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది. కొనొచ్చా? వద్దనుకుంటే నా లక్ష తిరిగి వస్తుందా?

జవాబు: మిగతా 20 లక్షలు ఇంకా మీ ఖాతాలోనే ఉన్నాయి. అందుకే ఈ జవాబు కాస్త ధైర్యంగా రాస్తున్నాను. ఇలాంటి కేసుల్లో మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువమంది డబ్బంతా కట్టి, బండి ఇంటికి తెచ్చుకున్నాకే వస్తారు.

మీరు మార్పుల గురించి ఎక్కువ రాశారు. నాకు మాత్రం ముందు కంటపడింది ఆర్‌సీ. మీకు అమ్ముతున్నతని పేరు అందులో లేదు. అతను మొదటి ఓనర్ దగ్గర నిజంగానే డబ్బిచ్చి కొని ఉండొచ్చు. కారు చరాస్తి కాబట్టి ఆర్‌సీ మారకపోయినా అమ్మకం జరిగిందని వాదించవచ్చు. కానీ ఆ అమ్మకానికి రుజువేది? వాళ్లిద్దరి మధ్య అగ్రిమెంటు, బ్యాంకులో డబ్బు వెళ్లిన లెక్క, డెలివరీ నోటు, ఇవేవీ లేకుండా సంతకాలున్న ఖాళీ ఫారాలు చేతిలో పెడితే మీరు కొంటున్నది కాగితాలే. రేపు ఆ పుదుచ్చేరి ఆయన "నేను అమ్మలేదు, నడుపుకోమని ఇచ్చాను" అన్నా, ఆయన చనిపోయి వారసులు అడ్డం తిరిగినా, ఆ ఫారాలతో మీరు ఏ ఆర్‌టీఓ ఆఫీసులోనూ పని జరిపించుకోలేరు. కాబట్టి ఆయనతో మీరే మాట్లాడాలి. వీలైతే వీడియో కాల్‌లో, ఆయన గుర్తింపు కార్డు చూస్తూ మాట్లాడండి. ఆయన దొరకకపోతే ఈ బండి వదిలేయండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినాయన 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి వెళ్తే 45 రోజుల్లో ఆర్‌టీఓకి తెలపాలి. కొన్నాయన 30 రోజుల్లో తెలపాలి. ఇది పాటించకుండా బండి చేతులు మారుతూ పోతే ఏమవుతుందో 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో చెప్పింది. ప్రమాదం జరిగిన రోజు రికార్డులో ఎవరి పేరుంటే బాధితుడికి పరిహారం బాధ్యత ఆయనదే. ఇది విని "అయితే నాకేం భయం" అనుకోకండి. పోలీసు స్టేషన్లో నిలబడేది మీరు. మీ కారు దెబ్బతింటే క్లెయిమ్ అడగడానికి పాలసీలో మీ పేరుండదు.

అతను ఇలా వరసగా కార్లు కొని అమ్మే మనిషైతే ఇంకో ప్రశ్న అడగాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు ఆర్‌టీఓ ఇచ్చే అధికార పత్రం ఉండాలి. ఓనర్ బండి అప్పగించినప్పుడు 29సీ ఫారం దాఖలైతే, అమ్ముడయ్యేదాకా ఆ డీలరే ఓనర్ కింద లెక్క. ఆ పత్రం చూపించమనండి. డీలరని తేలితే మీకూ ఒక మేలుంది. వ్యాపారంగా అమ్మినవాడి మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 50 లక్షల లోపు చెల్లింపు కాబట్టి అక్కడే సరిపోతుంది. సొంత బండి ఒకసారి అమ్ముకునే మామూలు మనిషి మీద ఆ దారి లేదు, సివిల్ కోర్టే.

ఇక మార్పుల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది సూటిగా ఉంటుంది: తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, బండికి పొంతన తప్పేలా ఓనర్ మార్చకూడదు. 2019 జనవరిలో కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ(4) కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఒక్కో మార్పుకి అన్న మాట గమనించండి.

"మార్చింది నేను కాదు కదా" అని మీరు అడగొచ్చు. 182ఏ(4) మార్చిన ఓనర్ గురించి మాట్లాడుతుంది కాబట్టి అక్కడ ఆ వాదన కొంత నిలబడొచ్చు. కానీ శబ్దం, పొగ ప్రమాణాలు దాటిన బండి విషయంలో 190(2) సెక్షన్ నడిపినవాడినే పట్టుకుంటుంది. మొదటిసారికే 10,000 వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలలు లైసెన్సుకి అనర్హత. మీరు చెప్పిన స్టేజ్ 2 అంటే సాధారణంగా కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, సైలెన్సర్ ముందుండే, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి ఖాళీ పైపు పెడతారు. అది తీసేశాక పొగ ప్రమాణాల గురించి వాదించడానికి మనకేమీ మిగలదు. తీసిన ఒరిజినల్ భాగాలు అతని దగ్గరున్నాయా అని తప్పకుండా అడగండి. సైలెన్సర్, కన్వర్టర్, స్ప్రింగులు, స్టీరింగ్ అన్నీ ఉంటే బండిని మళ్లీ కంపెనీ స్థితికి తేవొచ్చు. లేకపోతే ఆ ఖర్చు 21 లక్షల్లోంచి తగ్గించాల్సిందే.

ర్యాప్ విషయం చిన్నదే. రంగు ఆర్‌సీలో రాసి ఉండే వివరం. ఆ ర్యాప్ ఊడదీయించండి, లేదా ఆర్‌టీఓ అనుమతితో ఆర్‌సీలో రంగు మార్పించుకోండి. ఊడదీయించమని ఎందుకంటున్నానంటే, కింద ఏ ప్యానెల్‌కి మళ్లీ పెయింట్ వేశారో అప్పుడే కనిపిస్తుంది. స్టీరింగ్ మాత్రం చిన్నది కాదు. రేసింగ్ స్టీరింగ్ పెట్టారంటే దాదాపుగా డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తీసేసినట్టే. చట్టం పక్కన పెట్టినా, అలాంటి బండిలో మిమ్మల్ని ఘాట్ రోడ్డు మీద ఊహించుకోవడం నాకిష్టం లేదు.

పుదుచ్చేరి నంబరు అంటే ఖర్చు వేరే. మీరు బెంగళూరులో శాశ్వతంగా ఉంటున్నారు. 12 నెలలు దాటి ఇక్కడుంచితే 47వ సెక్షన్ ప్రకారం కేఏ నంబరు తీసుకోవాలి. దానికి పుదుచ్చేరి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ లైఫ్ ట్యాక్స్. కర్ణాటకలో 20 లక్షలు దాటిన కార్లకు లైఫ్ ట్యాక్స్ రేటు 18 శాతం, పైన సెస్సు. పాత బండికి వయసును బట్టి తగ్గుతుంది, కానీ లెక్క మొదలయ్యేది మీరిచ్చే 21 లక్షల మీద కాదు, కారు అసలు ధర మీద. ఆర్‌టీఓలో లెక్క వేయించుకోకుండా బేరం ముగించొద్దు. ఇంకో మాట, ఇది 2012 బండి. 2027లో 15 ఏళ్లు నిండుతాయి. అప్పుడు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఫిట్‌నెస్ తనిఖీ ఉంటుంది. ఇప్పుడున్న రూపంలో ఆ తనిఖీ నెగ్గుతుందని నేననుకోను.

ఇన్సూరెన్స్ గురించి రెండు మాటలు. 157వ సెక్షన్ ప్రకారం పాలసీ మీ పేరుకి మారినట్టే భావిస్తారు, కానీ 1996లో కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు అది థర్డ్ పార్టీ వరకే, అంటే మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికే. మీ కారు నష్టానికి కవర్ కావాలంటే కంపెనీ మీ పేరున ఒప్పుకోవాలి, మార్పులన్నీ వాళ్లకి రాసి చెప్పాలి. దాచి ప్రీమియం కడితే ఆ డబ్బు వృథా. పాత పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో కూడా చూడండి. బోనస్ సున్నా అయితే దగ్గరలో క్లెయిమ్ అయి ఉండొచ్చు, దేనికో అడగండి. 2022 సెప్టెంబరు వానల్లో యమలూరు, బెళ్లందూరు వైపు ఎన్ని ఖరీదైన కార్లు నీళ్లలో మునిగాయో మీకు గుర్తుండే ఉంటుంది.

టాప్ తెరిచే కారులో నీళ్ల జాడ ఇంకా జాగ్రత్తగా వెతకాలి. ఈ జెడ్4కి గుడ్డ కప్పు కాదు, రెండు ముక్కల అల్యూమినియం కప్పు. సుమారు 20 సెకన్లలో మడిచి డిక్కీలోకి వెళ్తుంది. కనీసం మూడుసార్లు తెరిపించి మూయించండి. మధ్యలో ఆగినా, ఒకవైపు వాలినా, మోటారు మూలిగినా రాసుకోండి. సీటు వెనక్కి జరిపి కార్పెట్ కిందికి చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలినా, డిక్కీలో ముక్కిన వాసన వచ్చినా కప్పు అంచుల్లో నీళ్లు పోయే దారులు మూసుకుపోయాయని అనుమానించాలి.

తర్వాత చాసిస్ నంబరు. రెండేళ్ల కిందట మా అక్క కొడుకు కోసం ఇందిరానగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి వెళ్లాం, అదీ పాత స్పోర్ట్స్ కారే. మెకానిక్ ఇంజన్ పక్కన లోహం మీద తెల్ల కాగితం అదిమి పట్టి, మెత్తటి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దాడు. అంకెలు ఒక్కొక్కటిగా తేలుతూ వచ్చాయి. చివరి నాలుగు అంకెల దగ్గర మాత్రం వెనక సన్నని గీతలు కూడా తేలాయి, ఆకురాయితో గీకినట్టు. కంటితో చూస్తే ఏమీ కనిపించలేదు. డోర్ దగ్గరి స్టిక్కర్ మీద నంబరేమో ఆర్‌సీతో సరిగ్గా సరిపోయింది. అక్కడికక్కడే వెనక్కి వచ్చేశాం. మీరు కూడా పెన్సిల్ ముద్ర తీయించి, ముందు అద్దం కింది నంబరుతో, ఆర్‌సీతో ఒక్కో అక్షరం పోల్చండి. అదే నంబరు మీద ప్రభుత్వ పరివాహన్ సైట్లో లోన్, బ్లాక్‌లిస్ట్, చలాన్లు చూడండి. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్లు 'నుమ్‌ఖోర్' పేరుతో సోదాలు చేసి, భూటాన్ మీదుగా అక్రమంగా తెచ్చారన్న అనుమానంతో ఖరీదైన కార్లు పట్టుకున్నారు. జెడ్4 మన దేశంలో కంపెనీయే అమ్మింది కాబట్టి మొదటి ఇన్‌వాయిస్ అడిగితే చాలు. అది లేదంటే, దిగుమతి పత్రమైన బిల్ ఆఫ్ ఎంట్రీ చూపించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెప్తాను, ఇందుకు మీకు రూపాయి ఖర్చు లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద ఒక గుర్రం ఉదాహరణ ఉంది. గుర్రానికి జబ్బుందని తెలిసీ అమ్మేవాడు నోరు విప్పలేదు. అది మోసం కాదంటుంది చట్టం. అడగకపోతే చెప్పాల్సిన బాధ్యత మామూలుగా అమ్మేవాడికి లేదు. కానీ కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను" అన్నాడనుకోండి, అప్పుడూ అమ్మేవాడు ఊరుకుంటే, ఆ మౌనం మాటతో సమానం. మీరూ ఆ గుర్రం కొనేవాడిలాగే చేయాలి. 19వ సెక్షన్‌లో ఒక మినహాయింపు కూడా ఉంది: అమ్మేవాడి మౌనాన్ని మోసమన్నా, తెలియక తప్పు చెప్పాడన్నా, మామూలు శ్రద్ధతో మీరు నిజం తెలుసుకోగలిగి ఉంటే కాంట్రాక్టు రద్దు చేసుకోలేరు. కానీ నేరుగా అడిగిన ప్రశ్నకి కావాలని అబద్ధం చెప్పినవాడికి ఆ మినహాయింపు అక్కరకు రాదు. అందుకే అడగాలి, రాసి అడగాలి.

ఈ రోజే వాట్సాప్‌లో ఇలా పంపండి: "ఈ కారుకి పెద్ద యాక్సిడెంట్ కాలేదని, నీళ్లలో మునగలేదని, లోన్ లేదని, మొదటి ఓనర్ మీకు అమ్మారని, కన్వర్టర్ బండిలోనే ఉందని, ఎయిర్‌బ్యాగులన్నీ పనిచేస్తున్నాయని మీరు చెప్పిన మాట మీదే కొంటున్నాను. ఇందులో ఏది తప్పైనా చెప్పండి. మీరు కాదనకపోతే అన్నీ నిజమనే అనుకుని డబ్బు ఇస్తాను." అతను చెప్పని మాట ఏదైనా ఇందులో ఉంటే తీసేసి, దాన్ని విడిగా ప్రశ్నగా అడగండి. ఆ చాట్ డిలీట్ చేయొద్దు, ఫోన్ మార్చినా పాతది దాచండి. కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాల్సి ఉంటుంది, అసలు ఫోన్ ఉంటే అది సులువు.

మీ లక్ష సంగతి. టోకెన్ తిరిగి ఇవ్వబోనని రాతలో ఎక్కడైనా ఒప్పుకున్నారా? మీ ప్రశ్నను బట్టి లేదనిపిస్తోంది. అతను చెప్పింది అబద్ధమని తేలితే, ఆ అబద్ధం వల్లే ఒప్పుకున్నానని రద్దు చేసుకుని డబ్బు అడిగే హక్కు మీకుంది. "పేపర్లన్నీ క్లియర్" అన్న మాట, ఆర్‌సీలో తన పేరే లేని మనిషి నోట వచ్చింది కాబట్టి మీ వైపు బలముంది. అయితే ఆర్‌సీ సంగతి డబ్బు పంపే ముందే మీకు తెలుసా, తర్వాత తెలిసిందా అన్నది అతని లాయర్ తప్పక అడుగుతాడు. తేదీలు ఇప్పుడే రాసి పెట్టుకోండి. కారణమేదీ లేకుండా మనసు మారి వద్దంటే మాత్రం, తనకైన నష్టం పేరుతో కొంత పట్టుకునే ప్రయత్నం చేస్తాడు.

మెసేజ్‌కి మూడు రోజులు గడువివ్వండి. సూటిగా జవాబిచ్చి, పుదుచ్చేరి ఆయనతో మాట్లాడిస్తే మెకానిక్‌ని తీసుకెళ్లండి. మిగతా డబ్బు ఎన్‌ఓసీ చేతికొచ్చాకే, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. రెండు లక్షలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. సమాధానం దాటేస్తే లక్ష తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి, 15 రోజుల్లో ఇవ్వకపోతే లాయర్ నోటీసు పంపండి. ఈలోగా నాన్నగారికి చెప్పేయండి. 20 లక్షలు కదలకముందు చెప్పడమే మీకు తేలిక.